ఒక్కరోజు పెత్తనం

అమ్మకో నాన్నకో పుట్టినరోజు దగ్గర పడుతుంది. లేదా షష్టిపూర్తి. లేదా దసరా, సంక్రాంతి. ఈసారి ఏమిద్దాం అని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఫోన్లో మాట్లాడుకుంటారు. ఒకరు పట్టుచీర అంటారు. ఒకరు శాలువా అంటారు. కాళ్ళు ఒత్తే మిషను వచ్చిందట, అది కొందామంటారు ఇంకొకరు. చివరికి ఏదో ఒకటి కొంటారు. పెద్దావిడ దాన్ని అందుకుని, కళ్ళకద్దుకుని, "నాకెందుకురా ఇప్పుడింత ఖరీదుది" అంటుంది. తీసుకెళ్ళి బీరువాలో పెడుతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ బీరువా ఒకసారి తెరిచి చూడండి. తలుపు తీయగానే కలరా ఉండల వాసన. మడత విప్పని చీరలు. కొన్నింటికి కొట్టువాళ్ళు అంటించిన ధర చీటీ కూడా ఊడలేదు. కింది అరలో, అట్టపెట్టెలోంచి బయటికే రాని బీపీ మిషను. దాని పక్కన ఎవరో సింగపూర్ నుంచి తెచ్చిన ఫ్లాస్కు. ఇవన్నీ ప్రేమతో ఇచ్చినవే, కాదనను. కానీ వాడినవెన్ని? సగం చీరలు ఎవరి పెళ్ళికో, ఎవరి గృహప్రవేశానికో పెట్టుబడి చీరలుగా వెళ్ళిపోతాయి. పెద్దవాళ్ళకు ఇంట్లో వస్తువులు తగ్గించుకోవాలని ఉంటుంది. మనమేమో పెంచుతూ పోతాం.

ఇక్కడొక మాట. వినికిడి యంత్రం, జారని చెప్పులు, స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ, వీటిని నేను కానుకల్లో లెక్క వేయడం లేదు. అవి అవసరాలు. వాటికి పుట్టినరోజు దాకా ఆగక్కర్లేదు. రేపే కొనండి.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పెద్దవాళ్ళకు వస్తువు కాదు, ఒక రోజు ఇవ్వండి. అయితే ఆ రోజు పెత్తనం వాళ్ళది కావాలి.

ఎందుకంటారా? మనం పెద్దవాళ్ళను బయటికి తీసుకెళ్ళే తీరు ఒకసారి గుర్తు చేసుకోండి. కారు మనది. దారి మనది. ఏ హోటల్లో తినాలో మనమే అనుకుంటాం. మందులు కోడలి సంచీలో ఉంటాయి. "నాన్నా, అక్కడ కూచో." "అమ్మా, ఆ మెట్లు ఎక్కకు." "అత్తయ్యా, మీరు కార్లోనే ఉండండి, మేం చూసొస్తాం." మాటల్లో ప్రేమే ఉంది. కానీ సాయంత్రం దాకా వాళ్ళను సామానులా ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కిస్తాం. ఇంటికొచ్చాక ఎలా ఉందమ్మా అని అడిగితే, "బాగుంది నాయనా, మీకే శ్రమ" అంటారు. ఆ జవాబులోనే అంతా ఉంది. రోజంతా వాళ్ళు చేసిన పని ఒకటే, మనకు బరువు కాకుండా ఉండటం.

కర్నూలు వైపు నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. వాళ్ళ తాతగారి ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. 1980ల మొదట్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళు చాలా ఖాళీ చేయించారు. గుళ్ళను కూడా కదిలించారు. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, తీసుకొచ్చి, ఆలంపురంలో మళ్ళీ కట్టారు. ఇళ్ళను మాత్రం ఎవరు కడతారు? జనం పరిహారం తీసుకుని తలో దిక్కూ వెళ్ళిపోయారు. ఈ తాతగారు ఇంట్లో ఎప్పుడు నోరు విప్పినా ఆ ఊరే. మా ఊళ్ళో చింతచెట్టు, మా ఊళ్ళో బావి, మా ఊళ్ళో తిరణాల. మనవలకు విని విని కంఠతా వచ్చేసింది. ఆయన మొదలుపెట్టగానే వాళ్ళు పూర్తి చేసేవాళ్ళు.

ఇప్పటి నంద్యాల జిల్లాలో సంగమేశ్వరం అని ఒక క్షేత్రం ఉంది. సప్తనదీ సంగమం అంటారు. జలాశయం నిండితే గుడి నీళ్ళలో ఉంటుంది. వేసవికి నీళ్ళు వెనక్కి తగ్గాక బయటపడుతుంది. అలాంటి ఒక వేసవిలో మనవలు ఆయన్ను అటు తీసుకెళ్ళారు. ఎండ ముదరకముందే చేరాలని తెల్లవారుజామునే బయల్దేరారు. స్వామి దర్శనం అయింది. "తాతా, మీ ఊరు ఎటువైపో చూపించు" అన్నారు.

అంతే. పెద్దాయన చేతికర్ర తీసుకుని ముందు నడిచాడట. ఎండి నెర్రెలు బారిన ఒండ్రు మీద, అక్కడక్కడా తేలిన రాళ్ళ వరసల మధ్య. ఇది ఫలానా వాళ్ళ ఇంటి పునాది. ఇది మా పశువుల కొట్టం. ఈ గుండ్రంగా ఉన్న రాళ్ళు బావి ఒర. ఇక్కణ్ణించి అటు మాదిగవాడ, ఇటు మా వీధి. మేకలు తోలుకొస్తున్న ఒకాయన ఆగి, కాదు పెద్దయ్యా, దారి ఇటుండేదంట అన్నాడు. తాతగారు ఊరుకుంటారా? కర్రతో నేల మీద గీసి మరీ వాదించారు. మనవడి చెయ్యి పట్టుకోలేదు. మనవడే ఆయన వెనకాల నడిచాడు. ఇంట్లో బాత్రూముకు వెళ్ళాలన్నా ఎవరో ఒకరు తోడుండే మనిషి ఆయన.

నేను చెప్పే పెత్తనం అంటే అదీ. ఆ పూట ఆయనకు తెలుసు, మిగతా వాళ్ళకు తెలియదు. ఆయన చెబుతుంటే మిగతా వాళ్ళు విన్నారు.

పెద్దవాళ్ళకు రోజు ఇవ్వడం అనగానే మనకు గుళ్ళే గుర్తుకొస్తాయి. తిరుపతి, శ్రీశైలం, అన్నవరం, భద్రాచలం. తప్పేం లేదు, కావాలన్న వాళ్ళను తప్పకుండా తీసుకెళ్ళండి. కానీ వయసు మీద పడితే మనిషికి భక్తి తప్ప మరో సరదా ఉండదని ఎవరు చెప్పారు? గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు రైతు కుటుంబాల్లో ఒక పెద్దాయన్ను అడిగి చూడండి. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకు వస్తావా తాతా అనండి. కళ్ళు ఎలా వెలుగుతాయో మీరే చూస్తారు. అక్కడ రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని ఎడ్ల వయసును బట్టి జతల్ని విడదీస్తారు. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుక్కి ఇదంతా దుమ్ము, గోల. తండ్రికి మాత్రం అదొక పెద్ద పరీక్ష హాలు. ఆ ఎద్దు మూపురం చూడు, ఈ ఎద్దు కాలు తీసే తీరు చూడు, ఎడమవైపుది బరువు వదిలేస్తోంది చూడు అని చెబుతూనే ఉంటాడు. పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని రైతులు కూడా ఆయన మాట వింటారు. కొడుకు పని ఒక్కటే. ఒక కుర్చీ, ఒక గొడుగు, మంచినీళ్ళ సీసా చూసుకోవడం.

కొందరికి పద్యనాటకం. ఇంకొందరికి సురభి నాటకం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాలు ఇప్పటికీ ఆడుతూనే ఉన్నాయి. హార్మోనియం శ్రుతి పట్టగానే ఏ పద్యం రాబోతోందో చెప్పేసే పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. వాళ్ళ పక్కన కూచుని నాటకం చూస్తే మీకు రెండు నాటకాలు చూసినట్టే. అయితే ఆ పెద్దాయన వన్స్‌మోర్ అని అరిస్తే సిగ్గుపడి చెయ్యి లాగకండి.

ఇదంతా ఖర్చు, ప్రయాణం, సెలవులతో పని అనుకుంటున్నారేమో. అక్కర్లేదు. అమిత్ భట్టాచార్జీ, కాసీ మోగిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. ఎలాంటి అనుభవాలు మనిషికి ఎక్కువ సంతోషాన్నిస్తాయి అన్నది వాళ్ళ ప్రశ్న. ముందున్న కాలం చాలా ఉందనుకునే కుర్రవాళ్ళకు అరుదైనవి, అద్భుతమైనవి ఎక్కువ ఆనందం ఇచ్చాయి. వయసు పెరిగేకొద్దీ మామూలు అనుభవాలు కూడా వాటితో సమానంగా ఆనందం ఇస్తున్నాయని తేలింది. మన ఇళ్ళల్లో చూస్తే ఇది కొత్త సంగతేం కాదు. విమానం ఎక్కించారని నాలుగు రోజులు చెప్పుకునే అమ్మమ్మ, మనవరాలు పక్కన కూచుని తల దువ్వించుకున్న సంగతి నెల రోజులు చెబుతుంది.

అందుకని ఇంట్లో దొరికే రోజు ఒకటి చెబుతాను. ఆవకాయ రోజు.

ఇప్పుడు ఆవకాయ సీసాల్లో దొరుకుతుంది. ఫోను చేస్తే ఇంటికొస్తుంది. అయినా ఈ వేసవికి మీ అమ్మనో అత్తగారినో వెంటబెట్టుకుని మామిడికాయల బజారుకు వెళ్ళండి. మీరు కొనకండి. ఆవిణ్ణి కొననివ్వండి. ఆవిడ ఒక కాయ తీసుకుని, గోటితో గీరి, ముచ్చిక దగ్గర వాసన చూస్తుంది. ఒక ముక్క కోయించి కొరుకుతుంది. పులుపు చాలదంటుంది. పీచు తక్కువంటుంది. టెంక ఇంకా ముదరలేదు పొమ్మంటుంది. నాలుగు కొట్లు తిప్పిస్తుంది. విసుక్కోకండి, ఆ రోజు మీరు ఇచ్చిన కానుకే అది. కాయలు కుదిరాక అక్కడే కత్తిపీట వేసుకుని కూచున్నతని దగ్గర ముక్కలు కొట్టిస్తారు. ఒక్కొక్క ముక్కకూ టెంక పెంకు అంటుకుని ఉండాలి. లేకపోతే ఒప్పుకోదు.

ఇంటికొచ్చాక పని మీది, మాట ఆవిడది. జీడి తీయండి. లోపలి పొర తీయండి. పొడిగుడ్డతో ఒక్కొక్క ముక్కా తుడవండి. తడిచెయ్యి తగిలిందో తిట్లు తినాల్సిందే. ఆవపిండి, కారం, ఉప్పు ఎంతెంత అని అడిగితే కొలత చెప్పదు. "కలుపు, చెబుతా" అంటుంది. చిటికెడు నాలుక మీద వేసుకుని, ఉప్పు ఇంకాస్త అంటుంది. జాడీకి ఎత్తాక మూడో రోజు మళ్ళీ రమ్మంటుంది, తిరగ కలపడానికి. చివరికి కలిపిన బేసిన్లో వేడన్నం వేసి, నూనె పోసి, ముద్దలు చేసి అందరి చేతుల్లో పెడుతుంది. ఆ పూట ఇంట్లో ఇంజనీరు, డాక్టరు, ఆఫీసరు అందరూ ఆవిడ దగ్గర కూలీలే.

చూశారా, ఖర్చు మామిడికాయలదే. రోజు ఆవిడది.

మరి మా వాళ్ళకు ఏం కావాలో ఎలా తెలుస్తుంది అంటారు. అడిగితే చెప్పరు. "ఎక్కడికైనా వెళ్దామా నాన్నా?" అని అడిగి చూడండి. "నాకెందుకురా, మీరు వెళ్ళిరండి" అంటారు. అది వద్దని కాదు. మీ డబ్బు, మీ సెలవు గురించిన మొహమాటం. కాబట్టి అడగకండి, వినండి. వాళ్ళు చెప్పిందే చెబుతుంటారు కదా. మళ్ళీ మొదలెట్టారు అని మనం లోపల్లోపల విసుక్కుంటాం కదా. ఆ చెప్పిందే చెప్పే కథలో ఊరు పేరు ఉంటుంది. మనిషి పేరు ఉంటుంది. పదేళ్ళ వయసుకూ ముప్ఫై ఏళ్ళ వయసుకూ మధ్య జరిగిన సంగతులే ముసలితనంలో ఎక్కువగా, స్పష్టంగా గుర్తుకొస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రోజుల్లో అమ్మ ఏ బడిలో చదివింది? నాన్న మొదటి ఉద్యోగం ఏ ఊళ్ళో? అత్తగారు కాపురానికి వచ్చిన ఇల్లు ఏది? అక్కడ మొదలుపెట్టండి.

బయల్దేరేముందు ఒక జాగ్రత్త. ఆ ఇల్లు ఇప్పుడు ఉందో లేదో ఎవరినైనా కనుక్కోండి. కూలగొట్టి అపార్టుమెంటు కట్టి ఉండొచ్చు. అలా కట్టి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. అయినా వెళ్దామంటే వెళ్ళండి. అక్కడ వాళ్ళకు కన్నీళ్ళు వస్తే కంగారుపడి కారెక్కించేయకండి. కాసేపు ఆగండి. అపార్టుమెంటు వాచ్‌మెన్‌కు తమ పాత ఇంటి గురించి చెప్పడం మొదలుపెడతారు చూడండి.

ఇంకొకటి. చెప్పకుండా తీసుకెళ్ళి ఆశ్చర్యపరచడం కుర్రవాళ్ళ సరదా. పెద్దవాళ్ళకు అది ఇబ్బంది. పది రోజుల ముందే చెప్పండి. ఆ పది రోజులూ వాళ్ళు పక్కింటి వాళ్ళకు చెబుతారు, ఏ చీర కట్టుకోవాలో ఆలోచిస్తారు, ఎవరికో ఫోను చేసి వస్తున్నామంటారు. బీరువాలోంచి ఆ మడత విప్పని చీర బయటికొచ్చేది కూడా అప్పుడే. ఒక రోజుకు ఒకే చోటు పెట్టుకోండి. దారిలో అదీ చూద్దాం ఇదీ చూద్దాం అనొద్దు. మధ్యాహ్నం నడుం వాల్చడానికి ఒక చోటు, కూర్చుని వెళ్ళే మరుగుదొడ్డి ఎక్కడుందన్న సంగతి, ఈ రెండూ ముందే చూసుకుంటే సగం భయం పోతుంది. చాలామంది పెద్ద ఆడవాళ్ళు ప్రయాణమంటే రానని అనేది ఈ మరుగుదొడ్డి భయంతోనే. నీళ్ళు తాగడం కూడా మానేస్తారు. ఆ మాట పైకి చెప్పరు.

రైల్లో వెళ్తుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. వయసు పైబడిన వాళ్ళకు ఇచ్చే చార్జీ రాయితీని రైల్వే 2020 మార్చిలో ఆపేసింది. కింది బెర్తు కోటా మాత్రం ఉంది. మగవాళ్ళకు 60 దాటితే, ఆడవాళ్ళకు 45 దాటితే వర్తిస్తుంది. అయితే ఒక టికెట్టు మీద ఒకరో ఇద్దరో పెద్దవాళ్ళే ఉండాలి. పిల్లలందరితో కలిపి ఒకే టికెట్టు తీస్తే ఆ కోటా రాదు. బస్సు సంగతి మీకు తెలిసిందే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. ఆధార్ కార్డు దగ్గరుంటే చాలు. పుట్టింటి ఊరికి బామ్మ తన జీరో టికెట్టు మీద వెళ్తూ, పక్కన కూచున్న మనవడి టికెట్టు తన కొంగుముడి విప్పి కొంటుంది. కొననివ్వండి. నేను ఇస్తా నేను ఇస్తా అని కండక్టరు ముందు లాక్కోకండి.

విదేశాల్లో ఉన్న పిల్లలకు కూడా ఒక మాట. అమ్మానాన్నలు అమెరికా వస్తారు. నయాగరా చూపిస్తారు, న్యూయార్కు చూపిస్తారు, ఫోటోలు తీస్తారు. మిగతా రోజులన్నీ వాళ్ళు ఇంట్లో, శనివారం కోసం ఎదురు చూస్తూ. కారు నడపలేరు. నడిచి వెళ్ళే దూరంలో కొట్టు ఉండదు. ఆ నాన్నగారు పొలం చేసిన మనిషైతే పెరడు ఆయనకు వదిలేయండి. చలి పోయాక గోంగూర వేయమనండి, సొరపాదు పెట్టమనండి. పందిరికి కర్రలు, తాడు తెచ్చిపెట్టండి. పందిరి ఎత్తు ఎంతుండాలో ఆయన్నే చెప్పనివ్వండి. వీధిలో ఉన్న తెలుగువాళ్ళంతా ఆకు కోసుకోవడానికి ఆయన దగ్గరికి వస్తారు.

మంచం దిగలేని వాళ్ళున్నారు. వాళ్ళకూ రోజు ఇవ్వొచ్చు. వాళ్ళు వెళ్ళలేకపోతే మనిషిని తీసుకురండి. చిన్నప్పుడు కలిసి చదువుకున్న స్నేహితురాలు పక్క ఊళ్ళో ఉంటుంది. ఆవిడకూ మోకాళ్ళ నొప్పులే, రాలేకపోతోంది. ఇద్దరూ ఫోన్లో అరుచుకుంటూ మాట్లాడుకుంటారు, సగం వినపడదు. కారు పంపి ఆవిణ్ణి తీసుకురండి. ఆవిడ కుర్చీని మంచానికి దగ్గరగా, వినపడే చెవి వైపు వేయండి. కాఫీ ఇచ్చి మీరు గదిలోంచి బయటికి వచ్చేయండి. వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో మీకెందుకు? లోపల్నుంచి నవ్వులు వినిపిస్తాయి, ఒక్కోసారి మీ గురించే. భోజనానికి పిలవడానికి కూడా తొందరపడకండి.

రోజు అయిపోయాక చేయాల్సిన చిన్న పని ఒకటుంది. ఫోన్లో తీసిన ఫోటోల్లో నాలుగు ఏరి, స్టూడియోలో కాగితం మీద వేయించండి. పెద్దవాళ్ళు ఫోను తెర జరుపుకుంటూ చూడలేరు. వాళ్ళకు చేతిలో పట్టుకుని ఇంకొకరికి చూపించే ఫోటో కావాలి. వెనకాల ఊరి పేరు, తేదీ, పక్కనున్న మనుషుల పేర్లు పెద్ద అక్షరాలతో రాయండి. ఇక వచ్చిన వాళ్ళందరికీ ఆ ఫోటోలు చూపిస్తారు, కథ చెబుతారు. ప్రతిసారీ కాస్త పెంచి చెబుతారు. మీరు అరగంట నిలబడిన చోట రెండు గంటలు నిలబడ్డామంటారు. ఆటోవాడు నూటయాభై అడిగితే మూడొందలు అడిగాడంటారు, తాను బేరమాడి వందకు తెచ్చానంటారు. మీరు పక్కనే ఉంటారు. అవునన్నట్టు తలూపండి.